నాన్న రెండో ఎమ్మారైలో "టీఆర్‌జీ 2" అని వచ్చింది. ఆపరేషన్ తప్పుతుందా?

కొవ్వూరు_కుర్రాడు | జూన్ 14, రాత్రి 9:42

అందరికీ నమస్కారం. చాన్నాళ్ళుగా ఇక్కడ చదువుతున్నాను, రాయడం ఇదే మొదటిసారి.

మా నాన్నకి 61 ఏళ్ళు. ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరయ్యారు. పోయినేడు ఎండాకాలం నుంచి విరేచనంలో రక్తం పడేది. మొలలనుకుని నాలుగు నెలలు ఊళ్ళో మందులే వాడాం. చివరికి కొలనోస్కోపీ చేయిస్తే మలద్వారానికి 5 సెంటీమీటర్ల పైన గడ్డ ఉందన్నారు. బయాప్సీలో క్యాన్సరని తేలింది.

నవంబరులో మొదటి ఎమ్మారై. అందులో ఉన్నది: టీ3 (గడ్డ పేగు కండరం దాటింది), ఎన్1 (పక్క గ్రంథులకి పాకింది), సీఆర్‌ఎమ్ దూరం 2 మి.మీ., ఈఎమ్‌వీఐ పాజిటివ్. తరవాత 28 సిట్టింగులు కరెంటు (రేడియేషన్) పెట్టారు, దాంతోపాటు కేపసైటబిన్ అనే కీమో బిళ్ళలు. అది అయ్యాక నాలుగు నెలలు కీమో. మొన్న సోమవారం రెండో ఎమ్మారై. ఈసారి "దట్టమైన ఫైబ్రోసిస్ (మచ్చ), స్పష్టమైన గడ్డ శేషం లేదు, ఎమ్మార్ టీఆర్‌జీ 2, డిఫ్యూజన్‌లో చిన్న చుక్క" అని రాశారు.

సర్జన్ గారు గడ్డ బాగా కిందికి ఉంది కాబట్టి ఆపరేషన్ చేస్తే మలం పోవడానికి పొట్ట మీద శాశ్వతంగా సంచి పెట్టాల్సి రావచ్చన్నారు. ఆ పక్కనే "పూర్తిగా పోయిందని తేలితే కోయకుండా కనిపెట్టుకుని ఉండే దారి కూడా ఉంది, డాక్టర్లందరం కూర్చునే బోర్డులో మాట్లాడదాం" అన్నారు. ఆ మాట విన్నప్పటి నుంచి నాన్న ఫిల్మును కిటికీ దగ్గర వెలుగులోకి ఎత్తి పట్టుకుని చూస్తూ కూర్చుంటున్నారు. "మిగిలింది మచ్చే కదరా" అంటారు. నాకేం చెప్పాలో తెలియడం లేదు.

అడగాల్సింది ఇదే. ఈ బొమ్మల్ని చూసి ముందు ముందు ఏమవుతుందో చెప్పగలరా? చెప్పగలిగితే ఎంతవరకు?

మానేరు_గట్టు | జూన్ 14, రాత్రి 10:20

తమ్మీ, ధైర్యంగుండు. మా అమ్మకు మూడేండ్ల కింద గిదే అయ్యింది. మొదలు తీసిన ఎమ్మారై రిపోర్టుల రెండే లైన్లున్నయ్. మలాశయం గోడ మందమైంది, చుట్టూ గ్రంథులున్నయ్, అంతే. పొర దూరమెంత, రక్తనాళాలల్లకు పోయిందా లేదా, ఏమీ రాయలే. పెద్ద డాక్టర్ సాబ్ ఆ సీడీ కంప్యూటర్ల పెట్టి చూసి "ఈ బొమ్మలతోని నేను ప్లాన్ చెయ్యలేను, మళ్ల తీయించుండ్రి" అన్నడు. రెండోపారి పైసలు కట్టినం. పది రోజులు పోయినయ్. నీ దగ్గర అన్నీ రాసిన రిపోర్టుంది, అదే సగం బలం. మొదటి సీడీ జాగ్రత్త, అది లేకుంటే రెండోదానికి విలువ సగమే.

నలుపు_తెలుపు | జూన్ 14, రాత్రి 11:55

మానేరు గట్టు గారి చివరి మాట నూటికి నూరుపాళ్ళు నిజం.

కొవ్వూరు తమ్ముడూ, నేను రేడియాలజిస్ట్‌ని. పదకొండేళ్ళుగా ఎక్కువగా చూసేది పొత్తికడుపు స్కాన్లే. బొమ్మలు చూడకుండా మీ నాన్నగారి గురించి తీర్పు చెప్పను. రిపోర్టులోని మాటలకి అర్థం మాత్రం చెప్తాను, అర్థం తెలిస్తే బోర్డులో ఏం అడగాలో మీకే తెలుస్తుంది.

ముందు నవంబరు స్కాన్. మలాశయం చుట్టూ కొవ్వు ఉంటుంది, ఆ కొవ్వును చుట్టి ఒక పల్చటి పొర ఉంటుంది. టీ2 బొమ్మలో (ఇది ఎమ్మారైలో ఒక రకం బొమ్మ పేరు, టీ3 అన్న దశతో సంబంధం లేదు) కొవ్వు తెల్లగా, పొర దారప్పోగంత నల్లగీతగా, గడ్డ బూడిదరంగులో కనిపిస్తాయి. ఇంగ్లండులో బేసింగ్‌స్టోక్ సర్జన్ బిల్ హీల్డ్ 1980లలో ఈ పొర చిరగకుండా కొవ్వుతో సహా మొత్తాన్ని ఒకే ముద్దగా తీసే పద్ధతిని లోకానికి చూపించారు. అప్పటినుంచి సర్జన్ కత్తి నడిచే దారి ఆ గీత వెంటే. కాబట్టి గడ్డకీ ఆ గీతకీ ఎడమెంత అన్నది మేం మొదట కొలుస్తాం. సీఆర్‌ఎమ్ దూరం అంటే అదే. 1 మి.మీ. లేదా అంతకన్నా తక్కువ ఉంటే ప్రమాదం. మీ నాన్నగారికి 2 మి.మీ. ఉంది, అది మంచి మాట.

ఇది ఊహ కాదని చూపించినవాళ్ళు మెర్క్యురీ అధ్యయనం వాళ్ళు. లండన్ రాయల్ మార్స్‌డెన్‌లో పనిచేసిన రేడియాలజిస్ట్ జీనా బ్రౌన్ దానికి ముందు నడిచారు. 408 మంది స్కాన్లను ఆపరేషన్‌లో తీసిన ముక్కలతో సరిచూసి 2006లో ప్రచురించారు. అందులోని వాళ్ళను ఐదేళ్ళు గమనించి 2014లో మరో వ్యాసం ఇచ్చారు. స్కాన్‌లో ఆ పొర అంచుకి గడ్డ తగలకుండా కనబడినవాళ్ళలో ఐదేళ్ళకు 62 శాతం బతికి ఉన్నారు, అంచును గడ్డ తాకినట్టు కనబడినవాళ్ళలో 42 శాతం. కత్తి పెట్టక ముందు తీసిన బొమ్మ ఐదేళ్ళ తరవాతి సంగతి చెప్పడమంటే అదీ.

ఈఎమ్‌వీఐ అంటే గోడ దాటి బయటి సిరల్లోకి గడ్డ పాకడం. టీ2లో రక్తం పారే నాళం నల్లగా ఉంటుంది. గడ్డ చొరబడితే ఆ నాళం ఉబ్బి లోపల బూడిదరంగు నిండుతుంది. ఆ సిరల దారి కాలేయానికీ ఊపిరితిత్తులకీ పోతుంది. అందుకని అది పాజిటివ్ అయితే పొత్తికడుపులో మళ్ళీ రావడం కన్నా దూరంగా పాకడం గురించి ఎక్కువ జాగ్రత్తపడతాం. మీ వాళ్ళు నాలుగు నెలల కీమో ఇవ్వడానికి ఆ ఒక్క పదం కూడా కారణమై ఉంటుంది.

రెండో స్కాన్ సంగతి రేపు రాస్తాను. తెల్లవారితే డ్యూటీ.

కొవ్వూరు_కుర్రాడు | జూన్ 15, ఉదయం 6:10

మేడమ్, మీకు చేతులెత్తి దండం. ఈఎమ్‌వీఐ అంటే ఏంటో ఏడు నెలలుగా ఎవరినీ అడగలేకపోయాను. పొద్దున్నే నాన్నకి చదివి వినిపించాను. "మరి ఇప్పుడా సిర ఎలా ఉందో అడుగు" అన్నారు.

నలుపు_తెలుపు | జూన్ 15, రాత్రి 8:30

మీ నాన్నగారు అడిగింది చాలా సరైన ప్రశ్న. కొత్త రిపోర్టులో ఆ సిర గురించి ఒక్క వాక్యమైనా ఉందా చూడండి. లేకపోతే బోర్డులో అదే మొదటి ప్రశ్నగా అడగండి. సిరలోని బూడిదరంగు పోయి నల్లటి మచ్చగా మారితే మందు అక్కడిదాకా పనిచేసినట్టు.

ఇక టీఆర్‌జీ. కరెంటు, కీమో పడ్డాక గడ్డ ఉన్న చోట మచ్చకణజాలం ఏర్పడుతుంది. అది టీ2లో కండరంలా బాగా నల్లగా ఉంటుంది. ఎంత నలుపు, ఎంత బూడిద అన్న లెక్కతో ఐదు మెట్లు పెట్టారు. 1 అంటే సన్నటి గీతలాంటి మచ్చ ఒక్కటే. 2 అంటే దట్టమైన మచ్చ, గడ్డ స్పష్టంగా లేదు. 3లో మచ్చే సగం పైన, కానీ గడ్డ కూడా కనబడుతుంది. 4లో గడ్డదే పైచేయి. 5 అంటే అసలు లొంగలేదు. 2011లో మెర్క్యురీ వాళ్ళే ఈ మెట్లను ఐదేళ్ళ ఫలితంతో పోల్చారు. 1 నుంచి 3 వరకు వచ్చినవాళ్ళలో ఐదేళ్ళకు బతికి ఉన్నది 72 శాతం, 4, 5 వచ్చినవాళ్ళలో 27 శాతం. అది చిన్న గుంపు, అప్పటి చికిత్స వేరు. అంకెను గుండెల్లో పెట్టుకోకండి, అది చూపించే దిక్కును పట్టుకోండి. మీ నాన్నగారు మంచి వైపే ఉన్నారు.

అయితే మచ్చలో నాలుగు కణాలు దాక్కుంటే ఏ ఎమ్మారైకీ కనబడవు. ఎవరు చెప్పినా ఇంతే. 2కీ 3కీ మధ్య గీత కూడా అంత గట్టిది కాదు. పోయిన నెల ఒకావిడ బొమ్మలు నేను చూసి 2 అన్నాను, పక్క గదిలో నా సహచరుడు విడిగా చూసి 3 అన్నాడు. ఇద్దరం ఒకే తెర ముందు కూర్చుని పాత స్కాన్ పక్కన పెట్టి ఇరవై నిమిషాలు చూశాం. మొదటి స్కాన్‌లో గడియారంలో గంటల లెక్కన గడ్డ ఏ వైపు ఉందో సరిగ్గా అక్కడ ఒక బియ్యపుగింజంత బూడిదరంగు ఉంది. చివరికి 3 అని రాశాం. మొదటి సీడీ లేకపోతే ఆ గింజ మా ఇద్దరికీ దొరికేది కాదు.

డిఫ్యూజన్ చుక్క గురించి కూడా. కణాలు కిక్కిరిసిన చోట నీటి కదలిక తగ్గుతుంది, ఆ చోటు డిఫ్యూజన్ బొమ్మలో వెలుగుతుంది. గడ్డ మిగిలినా వెలుగుతుంది. కానీ మలాశయంలో గాలి ఉంటే బొమ్మ వంకరపోయి లేని వెలుగు కూడా వస్తుంది. అందుకని స్కాన్‌కి ముందు చిన్న ఎనిమా ఇస్తే మంచిది. మీ నాన్నగారికి ఇచ్చారా? ఆ చుక్క ఏడీసీ బొమ్మలో (డిఫ్యూజన్ నుంచే నీటి కదలికను లెక్కగట్టి తీసే జత బొమ్మ) నల్లగా ఉందా లేదా అన్నది కూడా అడగండి. రెండూ కలిస్తేనే అనుమానం గట్టిపడుతుంది.

పెన్నా_ఒడ్డు | జూన్ 15, రాత్రి 9:48

నాది ఏడేళ్ళ కిందటి కథ. కడప దగ్గర మాది. నాకు గడ్డ ఇంకా కిందికి, 2 సెంటీమీటర్లలో ఉండె. శాశ్వత సంచి పెట్టినారు. మొదట్లో మూడు నెలలు ఇంటి గడప దాటలేదప్పా. ఇప్పుడు మోటరు వేసేకి తోటకు పోతాను, పెండ్లిళ్ళకు పోతాను, తిరుపతి కొండ కూడా నడిచే ఎక్కినాను. సంచి మార్చేకి పది నిముషాలు పడుతుంది.

ఎందుకు చెబుతున్నానంటే, సంచికి భయపడి వేచి చూసే దారి పట్టొద్దు. స్కాన్లు, స్కోపు చూసి డాక్టర్లు చాలు అంటేనే పట్టండి. సంచి లేకుండా కింద కలిపి కుట్టినోళ్ళలో కొందరు రోజుకు పది, పన్నెండు సార్లు విరేచనానికి పోతా అవస్థ పడేది కూడా నేను చూసినా. ఏ దారికైనా ఒక ఖరీదు ఉంది.

మీ నాయనకు నా నమస్కారం చెప్పు నాయనా. ఆయనకు మాట్లాడాలనిపిస్తే చెప్పు.

లీడ్స్_తెలుగమ్మాయి | జూన్ 16, మధ్యాహ్నం 3:15

నేను ఇంగ్లండులో పేగు క్యాన్సర్ క్లినిక్‌లో నర్సుని. మాది భీమవరం. కోయకుండా కనిపెట్టుకుని ఉన్నవాళ్ళని వారం వారం చూస్తుంటాను కాబట్టి ఆ భాగం నేను రాస్తాను.

ఈ దారిని మొదట గట్టిగా నమ్మి నడిచింది బ్రెజిల్ సర్జన్ ఆంజెలీటా హబ్ర్-గామా. సావో పావ్లోలో ఆవిడ, సహచరులు చికిత్స తరవాత గడ్డ పూర్తిగా కనుమరుగైనవాళ్ళకి ఆపరేషన్ చేయకుండా ఉంచారు. 2004లో వాళ్ళు రాసిన వ్యాసంలో 265 మందిలో 71 మంది ఆ కోవకి వచ్చారు. అప్పట్లో ప్రపంచంలో చాలామంది సర్జన్లు ఒప్పుకోలేదు. ఆవిడ వెనక్కి తగ్గలేదు.

తరవాత దేశదేశాల ఆసుపత్రులు కలిసి ఒక రిజిస్ట్రీ పెట్టాయి. 2018లో 15 దేశాల 880 మంది వివరాలు బయటికొచ్చాయి. రెండేళ్ళలో సుమారు 25 శాతం మందికి గడ్డ మళ్ళీ మొలిచింది. మళ్ళీ వచ్చినవాటిలో 88 శాతం మొదటి రెండేళ్ళలోనే. ఇంకో ముఖ్యమైన సంగతి, అలా మళ్ళీ వచ్చినవాటిలో 97 శాతం పేగు గోడలోనే ఉన్నాయి. అంటే వేలికి తగిలే చోట, స్కోపుకి కనబడే చోట. గోడ బయట కొవ్వులో, గ్రంథుల్లో జరిగేది చూడటానికి ఎమ్మారై కావాలి. ఒకదాన్ని నమ్ముకుని ఇంకోటి మానేస్తే కుదరదు.

మా దగ్గర మొదటి రెండేళ్ళు మూడు నెలలకోసారి వేలిపరీక్ష, స్కోపు, రక్తంలో సీఈఏ (ఈ క్యాన్సర్ ఉంటే పెరగగల ఒక ప్రోటీన్) పరీక్ష చేస్తారు. ఎమ్మారై మూడు నుంచి ఆరు నెలలకోసారి. ఊపిరితిత్తులకీ కాలేయానికీ సీటీ వేరే. ఐదేళ్ళు ఇలాగే. తాతయ్య వయసు పేషెంటు ఒకాయన ప్రతి తేదీకీ ఇస్త్రీ చొక్కా వేసుకుని అరగంట ముందే వచ్చి కూర్చుంటారు. ఇంకొకాయన రెండుసార్లు రాలేదు, మూడోసారి వచ్చేసరికి గడ్డ పెద్దదై ఉంది. ఆయనకి ఆపరేషన్ చేశారు, బాగానే ఉన్నారు, కానీ ఆ రోజు ఆయన కూతురి మొహం నాకింకా గుర్తే.

పిక్సెల్_పిల్ల | జూన్ 16, సాయంత్రం 6:02

హైదరాబాదులో మెషీన్ లెర్నింగ్ మీద పనిచేస్తాను, మూడేళ్ళుగా ఎమ్మారై బొమ్మలతోనే. నా మాట కూడా పనికొస్తుందేమోనని.

ఈ మధ్య "ఏఐ క్యాన్సర్ ఫలితాన్ని ముందే చెప్పేస్తుంది" అని వార్తలొస్తున్నాయి. దాని వెనకున్న పని పేరు రేడియోమిక్స్. గడ్డ చుట్టూ గీత గీసి, ఆ గీత లోపలి పిక్సెళ్ళలో నునుపెంత, గరుకెంత, వెలుగునీడలు ఎలా పరుచుకున్నాయి అన్నవాటిని వందల అంకెలుగా మారుస్తాం. చికిత్సకి లొంగినవాళ్ళకీ లొంగనివాళ్ళకీ ఆ అంకెల్లో తేడా ఎక్కడుందో ప్రోగ్రాం నేర్చుకుంటుంది. 2022లో చైనా పరిశోధకులు ఎమ్మారై బొమ్మల్నీ బయాప్సీ స్లైడ్లనీ కలిపి, కరెంటు పెట్టకముందే ఎవరికి గడ్డ పూర్తిగా కరుగుతుందో చెప్పడానికి ప్రయత్నించి మంచి ఫలితాలే చూపించారు.

మేం ఎదుర్కొన్నది చెప్తాను. ఒక ఆసుపత్రి బొమ్మల మీద మా మోడల్ చక్కగా పనిచేసింది. వేరే కంపెనీ యంత్రంతో తీసిన ఇంకో ఆసుపత్రి బొమ్మలు ఇవ్వగానే తడబడింది. యంత్రం మారితే బూడిదరంగు మారిపోతుంది. గీత గీసే డాక్టరు మారితే అంకెలు మారిపోతాయి. అన్ని చోట్లా నిలబడుతుందని తేలేదాకా దీన్ని బట్టి ఎవరికీ ఆపరేషన్ మానుకోమనకూడదని నా గట్టి అభిప్రాయం. అయినా ఈ పని ఆగకూడదని కూడా అంతే గట్టిగా అనుకుంటాను.

నలుపు_తెలుపు | జూన్ 16, రాత్రి 7:40

పిక్సెల్ పిల్ల గారూ, మీలాంటివాళ్ళు మాతో కూర్చుని పనిచేయాలి. ఒక్క మాట కలుపుతాను. మన దేశంలో ఈ క్యాన్సర్ ముప్పైల్లో, నలభైల్లో ఉన్నవాళ్ళకి కూడా తరచుగా కనిపిస్తుంది. కణాలు ఉంగరాల్లా కనబడే సిగ్నెట్ రింగ్ రకం, జిగురు నిండిన రకం పశ్చిమ దేశాల కన్నా మన దగ్గర ఎక్కువ. ఆ జిగురు టీ2లో తెల్లగా మెరుస్తుంది. చికిత్స తరవాత కణాలన్నీ చచ్చిపోయినా జిగురు మిగిలిపోవచ్చు, బొమ్మ చూస్తే తేడా చెప్పలేం. అక్కడి బొమ్మల మీద నేర్పిన మోడల్ని ఇక్కడి రోగుల మీద పెట్టకముందు ఇక్కడి బొమ్మల మీద పరీక్షించి తీరాలి.

మానేరు_గట్టు | జూన్ 16, రాత్రి 8:05

మేడమ్, పెట్ స్కాన్ తీయిస్తే చుక్క సంగతి తేలిపోదా? మా చుట్టాలందరు గదే అంటున్నరు.

నలుపు_తెలుపు | జూన్ 16, రాత్రి 8:22

కరెంటు పడ్డ చోట వాపు నెలల తరబడి ఉంటుంది, పెట్‌లో వాపు కూడా వెలుగుతుంది. దూరంగా ఎక్కడైనా పాకిందన్న అనుమానం ఉంటే పెట్ పనికొస్తుంది. మచ్చా, గడ్డా అని తేల్చడానికి మొదట పోవాల్సింది మాత్రం స్కోపు దగ్గరికే.

థియేటర్_నుంచి | జూన్ 17, రాత్రి 10:31

నేను పేగు ఆపరేషన్లు చేసే సర్జన్‌ని. పైన రాసినవాళ్ళ మీద గౌరవంతోనే కొంచెం ఎదురు చెప్తున్నాను.

ఈ తండ్రిగారికి మొదటి స్కాన్‌లో ఈఎమ్‌వీఐ పాజిటివ్. దాన్ని అందరం కాస్త తేలిగ్గా దాటేశాం అనిపించింది. న్యూయార్క్ మెమోరియల్ స్లోన్ కెటరింగ్ వాళ్ళు 2019లో రాసింది చూడండి. వేచి చూసిన 113 మందిలో 22 మందికి మళ్ళీ మొలిచింది. ఆ 22 మందిలో 36 శాతం మందికి దూర అవయవాలకి పాకింది, మళ్ళీ మొలవనివాళ్ళలో 1 శాతానికే. అప్పుడే కోసి ఉంటే పాకేది కాదా, లేక అది మొదటినుంచీ మొండి జబ్బేనా అన్నది ఆ లెక్క చెప్పదు. కానీ ఆ ప్రశ్న నన్ను నిద్రపోనివ్వదు.

రెండోది, లీడ్స్‌లో పేషెంటు రాకపోతే నర్సు ఫోన్ చేస్తుంది. మన దగ్గర చేలో కోతలుంటే, ఇంట్లో పెళ్ళుంటే తేదీ తప్పుతుంది. మూడు నెలలు ఆరు నెలలవుతుంది. నేను కనిపెట్టుకుని ఉందామని చెప్పినవాళ్ళలో కొందరు మళ్ళీ నాకు కనబడలేదు. వాళ్ళు ఎలా ఉన్నారో నాకు తెలియదు. కాబట్టి ఈ దారి ఇచ్చేముందు స్కాన్ ఎంత బాగుందో చూసినంత శ్రద్ధగా ఆ ఇంటివాళ్ళు ఐదేళ్ళు రాగలరా అన్నది కూడా చూస్తాను. రాలేరనిపిస్తే ఆపరేషనే మంచిదంటాను.

లీడ్స్_తెలుగమ్మాయి | జూన్ 17, రాత్రి 11:58

సర్, తేదీ తప్పడం గురించి మీరు చెప్పింది కాదనలేను. కానీ ఆపరేషనే మంచిదని మీరంటున్నప్పుడు ఆ కుటుంబానికి మూడు నెలలకోసారి ఫోన్ చేసే మనిషిని పెట్టే ప్రయత్నం కూడా జరగాలి కదా? దానికి యంత్రం అక్కర్లేదు, ఒక పుస్తకం, ఒక ఫోను చాలు.

ఇంకో సంగతి. అమెరికాలో జరిగిన ఓప్రా ట్రయల్‌లో 324 మందిని తీసుకున్నారు. కరెంటు ముందు పెట్టి కీమో తరవాత ఇచ్చిన గుంపులో మూడేళ్ళకి 53 శాతం మంది ఆపరేషన్ లేకుండా ఉన్నారు, కీమో ముందు ఇచ్చిన గుంపులో 41 శాతం. కొవ్వూరు అబ్బాయి వాళ్ళ నాన్నగారికి ఇచ్చింది మొదటి వరసే.

థియేటర్_నుంచి | జూన్ 18, ఉదయం 5:50

ఫోన్ చేసే మనిషి విషయంలో మీ మాటే ఒప్పు. ఈ వారమే మా వార్డులో మాట్లాడతాను. ఈఎమ్‌వీఐ విషయంలో మాత్రం నా మాట మీద నేనున్నాను.

తమ్ముడూ, బోర్డులో ఒకటి అడుగు. వేలిపరీక్ష, స్కోపు, ఎమ్మారై మూడూ ఒకే మాట చెబుతున్నాయా అని.

నలుపు_తెలుపు | జూన్ 18, మధ్యాహ్నం 1:12

సర్ అడగమన్న ప్రశ్నకి ఒక లెక్క ఉంది. నెదర్లాండ్స్‌లో మాస్ట్రిక్ట్ వాళ్ళు 2015లో 50 మంది మీద చూశారు. వేలు, స్కోపు, డిఫ్యూజన్‌తో కలిపిన ఎమ్మారై, మూడూ "పోయింది" అంటే 98 శాతం నిజంగానే పోయినట్టు. మూడూ "ఉంది" అన్నా 15 శాతం మందిలో నిజానికి పోయింది. అంటే తొందరపడి కోయడం కూడా జరుగుతుంది. చిన్న అధ్యయనమే. అయినా మూడు సాక్ష్యాలు కలిసినప్పటి బలం ఒక్కదానికి రాదని నా అనుభవం కూడా చెబుతుంది.

కొవ్వూరు_కుర్రాడు | జూన్ 27, రాత్రి 9:05

ఆలస్యానికి క్షమించండి. బోర్డు అయ్యింది. మీరందరూ రాసింది ఒక తెల్లకాగితం మీద తొమ్మిది ప్రశ్నలుగా రాసుకుని వెళ్ళాను. పెద్ద డాక్టరుగారు కాగితం తీసుకుని ఒక్కొక్కటీ చదివి జవాబు చెప్పారు.

సిర నల్లటి మచ్చగా మారిందట, బూడిదరంగు లేదట. వేలికి నున్నగా తగిలింది. స్కోపులో తెల్లటి చదునైన మచ్చ, దాని మీద సన్నటి ఎర్ర నరాలు, ఒక పక్కన చిన్న పుండు. చుక్క ఏడీసీలో నల్లగా లేదు. స్కాన్‌కి ముందు ఎనిమా ఇవ్వలేదని నాన్న చెప్పారు, రేడియాలజీ వాళ్ళు కూడా ఒప్పుకున్నారు, ఆ చుక్క పక్కనే గాలి ఉందట. దీన్ని "దాదాపు పూర్తి" స్పందన అంటారని, ఇప్పుడే కోయక్కర్లేదని, ఎనిమిది వారాలు ఆగి మూడూ మళ్ళీ చూద్దామని చెప్పారు. పుండు మానకపోతే ఆపరేషన్.

సీటీలో కుడి ఊపిరితిత్తిలో 4 మి.మీ. చుక్క ఒకటి ఉంది. నవంబరు సీటీలోనూ అంతే ఉందట. దాన్నీ గమనిస్తారు. థియేటర్ నుంచి గారూ, ఈఎమ్‌వీఐ గురించి మీరు చెప్పింది గుర్తుపెట్టుకునే, దూరంగా ఎక్కడైనా పాకిందా అని అడిగాను.

పెన్నా ఒడ్డు గారూ, మీతో ఫోన్‌లో మాట్లాడాక నాన్న ఆ రాత్రి కడుపునిండా అన్నం తిన్నారు. "సంచి పెట్టినా తోటకి పోతాడంటరా ఆయన" అని అమ్మకి మూడుసార్లు చెప్పారు.

పెన్నా_ఒడ్డు | జూన్ 27, రాత్రి 9:30

ఆయన నన్నే నవ్వించినాడు నాయనా. మంచి మనిషి.

కొవ్వూరు_కుర్రాడు | ఆగస్టు 29, రాత్రి 8:16

మూడో ఎమ్మారై పోయిన శనివారం అయ్యింది. ఈసారి ఎనిమా నేనే గుర్తుచేసి ఇప్పించాను. చుక్క లేదు. మచ్చ పల్చబడింది, టీఆర్‌జీ 1 అని రాశారు. స్కోపులో పుండు మానింది. సీఈఏ మామూలుగా ఉంది. ఊపిరితిత్తి చుక్క కదల్లేదు, పెరగలేదు.

కనిపెట్టుకుని ఉండే దారిలోనే పెట్టారు. రెండేళ్ళ వరకు మూడు నెలలకోసారి. నాన్న తేదీలన్నీ క్యాలెండరు మీద ఎర్రసిరాతో గుండ్రంగా చుట్టారు. వచ్చే ఫిబ్రవరి తేదీ మా చెల్లి పెళ్ళి ముహూర్తానికి ఒక రోజు ముందు పడింది. పెళ్ళివారితో మాట్లాడి ముహూర్తం మార్పించారు.

డాక్టరుగారిని అడిగి మూడు స్కాన్లనీ తెర మీద పక్కపక్కన పెట్టించుకుని చూశారు నాన్న. మొదటి దాంట్లో గడ్డ, రెండో దాంట్లో నల్లటి ముద్ద, మూడో దాంట్లో గీత. చాలాసేపు చూసి "ఈ గీత లావైతే నాకు చెప్పండి, దాచొద్దు" అన్నారు. దాచనని డాక్టరుగారు ఆయన చెయ్యి పట్టుకుని చెప్పారు.

మూడు సీడీలూ ఒకే కవర్లో పెట్టి బీరువాలో దాచాను. తరవాతి తేదీ నవంబరు 21.